మేడ మీద నేర్చిన మాటలు

"ఈ పేజీ మీద పసుపు, ఆ పేజీ మీద పసుపు. కీర్తనా, ఇది పుస్తకమా, పోపుల డబ్బానా?"

శ్రీసత్య చేతిలో ఉన్నది పిల్లల సాహస నవల. ముగ్గురు పిల్లలు చేపల పడవలో దాక్కుని, తుపానుకి కొట్టుకుపోయి, మనుషులు లేని దీవిలో పడే కథ. బొమ్మల పోటీలో గెలిచినందుకు కీర్తనకి బడిలో ఇచ్చారు. దానికి శ్రీసత్యే అట్ట వేసి, హాల్లో అద్దాల బీరువాలో పెట్టింది. అలాంటిది ఈ ఉదయం వంటింట్లో, చింతపండు జాడీ వెనకాల దొరికింది!

ఐదో తరగతి చదివే కీర్తన జడ కొస నోట్లో పెట్టుకుని నిలబడింది. "నేనేనమ్మా... తింటూ చదివాను."

"తింటూ చదివితే పప్పో పెరుగో అంటుతుంది. పచ్చి పసుపు ఎలా అంటిందే?"

స్టీలుప్లాంటు బస్సు కోసం గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న దేవీప్రసాద్ తలెత్తకుండానే అన్నాడు. "పుస్తకానికి కూడా పులుసు పెట్టీసుంటారు. ముందు నా కేరేజీ ఇయ్యి సత్యా, బస్సెల్లిపోతాది."

"ఎల్లిపోతాది కాదండీ, వెళ్ళిపోతుంది. పిల్ల వింటోంది."

అతను నవ్వి ఊరుకున్నాడు. వంటింటి గడప దగ్గర తోటకూర ఏరుతున్న అతని తల్లి నారాయణమ్మ మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ మెల్లగా చీర కొంగులోకి లాక్కుంది. ఆ వేళ్ళు పసుప్పచ్చగా ఉన్న సంగతి శ్రీసత్య చూసింది. చేపముక్కలకి పసుపు రాసిన చేతులు ఎప్పుడూ అలాగే ఉంటాయి కదా అనుకుని, పుస్తకం తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.

సీతమ్మధారలోని ఆ ఫ్లాటులో పెద్ద గొడవలంటూ ఎప్పుడూ ఉండేవి కావు. అలా లేకపోవడం తన నేర్పేనని శ్రీసత్య లోలోపల గర్వపడేది కూడా. కాకినాడలో డిగ్రీ చదివింది, ఉపాధ్యాయురాలి కూతురు. ఏ వస్తువు ఎక్కడుండాలో, ఏ మాట ఎలా పలకాలో ఆమెకి ఒక లెక్క ఉంది. అత్తగారిది భీమునిపట్నం పక్క పల్లె. వ్యవసాయం చేసి కొడుకుని చదివించిన మనిషి. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో బస్సు మీద ఊరి పేరు చదువుకోగలదు, అంతవరకే. మామగారు పోయాక ఇక్కడికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఈ ఇల్లు ఆమె గొంతుతో మోగిపోయేది. కీర్తనకి అన్నం పెడుతూ ఎన్ని కథలు చెప్పేదో... తుపానులో గొడ్ల పాకంతా నీళ్ళలో మునిగితే తాత గేదెని బడి అరుగు ఎక్కించి రాత్రంతా దానితో కబుర్లు చెప్పిన కథయితే, పిల్ల రోజూ అడిగి చెప్పించుకునేది.

కీర్తన రెండో తరగతిలో ఉండగా ఒకరోజు టీచరు ఏదో అడిగితే "ఏటి మిస్?" అంది. తరగతంతా నవ్వింది. ఆ సాయంత్రం పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. శ్రీసత్య కోప్పడలేదు, గొంతు కూడా పెంచలేదు. అత్తగారికి కాఫీ ఇస్తూ, "పిల్ల ముందు కాస్త మంచి తెలుగు మాట్లాడండి అత్తయ్యా. దాని భవిష్యత్తు కోసమే" అంది. అంతే! "అలాగేనమ్మా" అంది నారాయణమ్మ. మర్నాటి నుంచి ఆమె మాటలు తగ్గాయి. ఆ తర్వాత కథలు ఆగాయి. ఇంట్లో ప్రశాంతంగా ఉందనుకుంది శ్రీసత్య.

ఈమధ్య మాత్రం అత్తగారి నోట వింత మాటలు వినబడుతున్నాయి. మొన్న పొయ్యి మీద పాలు పొంగబోతుంటే, "సత్యా, పాలకి ప్రమాదం పొంచి ఉన్నది" అంది. శ్రీసత్య పకపకా నవ్వింది. పక్క ఫ్లాటు కేథరిన్‌కి ఫోను చేసి ఆ మాట చెప్పి మళ్ళీ నవ్వింది. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి అత్తగారు పాలగిన్నె తోముతూ అక్కడే ఉంది. విన్నదో లేదో... ముఖంలో ఏమీ తెలియలేదు.

అదే వారంలో బడి నుంచి కబురొచ్చింది. శనివారం తాతలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు బడికి వచ్చి పిల్లలకి ఒక కథ చెప్పాలట. శ్రీసత్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాకినాడలో ఉన్న తల్లికి ఫోను చేసి రమ్మంది. అత్తగారితో, "మూడో అంతస్తులో పెట్టారండీ. మీ మోకాళ్ళకి ఆ మెట్లు కష్టం" అంది.

నిజానికి అది పెట్టింది కింద హాల్లో. ఒక్క మెట్టు కూడా లేదు.

"అలాగేనమ్మా" అంది నారాయణమ్మ.

పసుపు మరకల గొడవ జరిగిన రోజు సాయంత్రం కొండ మీద నుంచి మబ్బు దిగింది. మేడ మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయని గుర్తొచ్చి శ్రీసత్య పరుగెత్తింది. లిఫ్టు నాలుగో అంతస్తుతో ఆగిపోతుంది. అక్కడి నుంచి మేడ మీదికి నిటారుగా మెట్లెక్కాలి. ఎక్కేసరికి తనకే ఆయాసం వచ్చింది. తలుపు తోయబోతుంటే అవతల నుంచి గొంతులు వినిపించాయి.

"నిర్... మాను... ష్యం. నాన్నమ్మా, నిర్మానుష్యం అంటే ఏంటి?" కూతురి గొంతు.

"నాకేటి తెలుసే గుంటా? నువ్వు ఇంగిలీసు బడి, నాను రాత్రిబడి. ముందుకి సదువు."

"అర్థం తెలియకుండా ఎలా చదువుతాం?"

"మాట అంటే కొత్త కోడలే. మొదటి రోజు మొకం దించుకుంటాది. ఏటమ్మా, ఏటమ్మా అని మీద పడిపోతే మరీ ముడుచుకుపోతాది. అలా ఒగ్గీసి నీ పని నువ్వు సేసుకో. నాలుగు పేజీలు పోయేసరికి తనే మాటాడతాది."

కీర్తన కిలకిలా నవ్వింది. శ్రీసత్య చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది. సందులోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. నీళ్ళ ట్యాంకు నీడలో గోనెపట్టా పరుచుకుని, పుస్తకం మధ్యలో పెట్టుకుని, తలలు రెండూ ఆనించి కూర్చున్నారు. ఆ ముసలి వేలు అక్షరం అక్షరం ముట్టుకుంటూ పోతోంది, పసుపు అంటిన వేలు! కప్పు కూలిన గుడిసె, బూడిద లేని పొయ్యి, అడుగుజాడ లేని ఇసుక, పిలిస్తే తిరిగి తమ గొంతే వినిపించిన కొండ... చదువుతూ చదువుతూ ఇద్దరూ ఒక్కసారే ఆగారు.

"ఎవరూ లేకపోవడం" అంది కీర్తన.

"ఊఁ. ఉండాల్సిన సోట ఎవులూ నేకపోవడం." నారాయణమ్మ ఆ మాటని నెమ్మదిగా నోట్లో తిప్పుకుంది. "నిర్మానుష్యం. మంచి మాటే."

"ఈ మాటలన్నీ నీకెందుకు నాన్నమ్మా? పొద్దున అమ్మ తిడితే నేనే చేశానని చెప్పాల్సొచ్చింది."

"మీ ఇస్కూల్లో కత సెప్పడానికే."

"శనివారం కాకినాడ అమ్మమ్మ వస్తుంది కదా. మెట్లున్నాయని అమ్మ నిన్ను వద్దంది కదా."

నారాయణమ్మ పుస్తకంలో పేజీ తిప్పింది.

"మెట్లు నేవని నాకు తెలుసునే. మీ ఇస్కూల్లో హాలు కిందిదొక్కటే, పేరెంట్సు మీటింగుకి మీ నాన్న నన్ను అట్టుకెల్లింది అక్కడికే కదా. మీ అమ్మకి బాధ నా మోకాళ్ళ గురించి కాదు, నా నోటి గురించి." ఆమె గొంతులో కోపం లేదు. వడియాలు ఎండాయో లేదో చెబుతున్నట్టే చెప్పింది. "తప్పేటున్నాది? నలుగురూ నవ్వితే నువ్వు ఏడవవా? ఈ ఏడు కాకపోతే పై ఏడు. మాటలు నేర్సీసుకుంటే తనే తీసుకెల్తాది."

"అయితే గేదె కథ ఇప్పుడు చెప్పు. ఎన్నాళ్ళైందో."

"సెప్పలేనే తల్లీ. నోరు తెరిస్తే ఇది మంచి మాటా, సెడ్డ మాటా అని సూసుకోవాలి. సూసుకునేలోగా కత పారిపోతన్నాది."

చినుకులు మొదలయ్యాయి. వాళ్ళిద్దరూ పుస్తకాన్ని కొంగులో చుట్టి గబగబా లేవబోతుంటే శ్రీసత్య దొంగలా మెట్లు దిగిపోయింది. వడియాల మాట మరిచేపోయింది. మోకాళ్ళు... ఆ మోకాళ్ళతో ఆవిడ రోజూ ఇన్ని మెట్లు ఎక్కుతోంది! ఎందుకు? తన కోడలి కంట పడకుండా తన కోడలికి నచ్చే మాటలు నేర్చుకోవడానికి! తను నవ్విన 'ప్రమాదం పొంచి ఉన్నది' కూడా ఆ పుస్తకంలోదే. పరీక్షకి చదివిన పిల్ల మొదటిసారి జవాబు చెబితే టీచరు నవ్వినట్టు నవ్వింది తను! పైగా పక్కింటికి ఫోను చేసి మరీ! రెండో తరగతి పిల్లలు తెలియక నవ్వితే కూతురి కన్నీళ్ళు తుడిచింది. తెలిసి తెలిసి తను నవ్వితే ఆ ముసలావిడ కన్నీళ్ళు ఎవరు తుడిచారు? ఎన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఒక మనిషి నోరు కట్టేసి, దానికి ప్రశాంతత అని పేరు పెట్టుకుంది!

వంటింట్లో కుళాయి తిప్పి ముఖం కడుక్కుని, తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, శనివారం నువ్వు రావద్దే."

"అదేమిటే, టికెట్టు కూడా తీశాను. మీ అత్తగారికి జ్వరం అన్నావుగా, తగ్గిందా?"

తల్లితో ఇంకో అబద్ధం చెప్పిన సంగతి శ్రీసత్యకి అప్పుడు గుర్తొచ్చింది. "జ్వరం లేదమ్మా" అంది. "అసలు రాలేదు."

"నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను సత్యా" అంది తల్లి. "ఇంట్లో పెద్దవాళ్ళని దిద్దమని మాత్రం నీకు నేర్పలేదే."

రాత్రి భోజనాలకి నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వంజరం చేపల పులుసు వాసన ఇల్లంతా నిండింది. దేవీప్రసాద్ రెండో ముక్క వేసుకుంటూ, "వడియాలు తడిసిపోనాయట కదా, కీర్తన సెప్పింది" అన్నాడు. శ్రీసత్య దిద్దలేదు. అతను అదేమిటన్నట్టు ఆమె వైపు చూశాడు.

"ఏవండీ, శనివారం బడికి అత్తయ్య వెళ్తారు." అంది శ్రీసత్య కంచం వైపే చూస్తూ. "అమ్మని రావద్దన్నాను. మూడో అంతస్తు అని నేను అబద్ధం చెప్పాను. కింద హాలే... అత్తయ్యా, మీరు ఆ పుస్తకాలు, కొత్త మాటలు అన్నీ మానెయ్యండి. మీకు ఆ కష్టం వద్దు. గేదె కథ మీ మాటల్లో చెప్పండి, చాలు. ఎవరు నవ్వితే నవ్వనివ్వండి. నన్ను..." కన్నీళ్ళు కంచంలో పడ్డాయి.

కీర్తన కళ్ళు పెద్దవి చేసి నాన్నమ్మ వైపు చూసింది. నారాయణమ్మ తినడం ఆపి, కలిపిన ముద్దని కంచం అంచున పెట్టింది. అలవాటైన "అలాగేనమ్మా" వస్తుందనుకున్నారంతా.

"మానను" అంది.

శ్రీసత్య తలెత్తింది.

"నీకు బయపడే మొదలెట్టినాను సత్యా, అబద్దమెందుకు. గానీ పోనుపోను ఆ మాటలు రుసి పట్టినాయి. మీ మావ ఎల్లిపోనాక, మీరందరూ ఎవరి పని మీద ఆళ్ళు పోతే, మద్దేనం పూట ఈ ఇల్లు ఎలాగుంటాదో నాకు తెలుసు. దానికి ఓ పేరున్నాదని ఇయాలే తెలిసింది. పేరు తెలిస్తే కూసింత బరువు దిగుతాది తల్లీ. అప్పుడు నా మాటలు ఒగ్గీమన్నావు, ఒగ్గీసినాను. ఇప్పుడు ఇవి కూడా ఒగ్గీమంటావేటి?"

శ్రీసత్య కాదన్నట్టు తల ఊపింది. దేవీప్రసాద్ చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది. తల్లి మధ్యాహ్నాల సంగతి తనూ ఏనాడూ అడగలేదని ఆ చెయ్యే చెబుతోంది.

నారాయణమ్మ మంచినీళ్ళు ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"శనివారం నాను వత్తాను. ముందు దీవి పుస్తకంలోది ఓ పేజీ సదువుతాను, నిర్మానుష్యం ఉన్న పేజీ. తరవాత మీ మావ గేదె కత సెప్తాను, నా నోటికి ఎలాగొత్తే అలాగ. మీ అమ్మని కూడా రమ్మను, టికెట్టు తీసీసుంటాది, ఊరికే పోవాలేటి? నువ్వు ముందు వరసలో కూకో. నాను మద్దెలో ఆగిపోతాను, తప్పకుండా ఆగిపోతాను. మాట అందియ్యకు. నా మాట నానే ఎతుక్కుంటాను. నువ్వు అలాగ సూత్తా కూకో, సాలు."

శ్రీసత్య ఎడం చేత్తో కళ్ళు తుడుచుకుంది. అంచున ఆరిపోతున్న ఆ ముద్ద మీద ఇంకాస్త పులుసు వేసి, అత్తగారి ముందుకి కంచం జరిపింది.

"అలాగే అత్తయ్యా" అంది.