సన్నాయికి కట్టిన ముంగిలి

ఉప్పాడలో వలలు అల్లేవారికి ముంగిలి తెరిచి, సామర్లకోటలో పళ్ల డాక్టరు గారి ముంగిలికి కొత్త గొంతు అమర్చి, నీలోత్పల పిఠాపురం చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. గాలిబండిని వీధి చివర దించి, పనిసంచీ భుజాన వేసుకుని, సన్నాయి కోటిలింగం గారి ఇల్లు వెతుక్కుంటూ నడిచింది.

ఆమె ముంగిలి శిల్పి. ఆ రోజుల్లో ఏం కావాలన్నా జనం బజారంతా తిరగడం మానేశారు. చెవిలో పెసరగింజంత ఉండే చెవిదూతను అడిగితే చాలు, కళ్లెదుట గాలిలో వెలుగుతో ఒక ముంగిలి తెరుచుకునేది. అది యజమాని గొంతుతోనే పలకరించి, పనితనం చూపించి, బేరం కుదుర్చేది. ముంగిలి లేని వ్యాపారం ఎంత మంచిదైనా చెవిదూతకు కనపడదు. దానికి కనపడనిది ఊరికీ కనపడదు.

కోటిలింగానికి ముంగిలి లేకపోలేదు. ఎవరో ఉచితంగా కట్టిచ్చింది ఒకటి ఉంది. దాని గోడ మీద ‘ఇచ్చట వాయించబడును’ అని మాత్రమే ఉంటుంది.

“దాన్ని చూసి మొన్నొకాయన వచ్చాడమ్మా,” అన్నది ఆయన భార్య అచ్చాయమ్మ, మజ్జిగ గ్లాసు అందిస్తూ. “ఆళ్ల కుక్కపిల్ల పుట్టినరోజంట. బూర ఊదుతారా అని అడిగాడు.”

నీలోత్పల నవ్వు ఆపుకోలేకపోయింది. కోటిలింగం మాత్రం నవ్వలేదు.

“మా తాతల కాలంలో సన్నాయి మోతే ముంగిలమ్మా. నాలుగూళ్లకి వినపడేది. ఇప్పుడు పెళ్లిళ్లలో పెట్టెలు పెట్టేత్తన్నారు. మీట నొక్కితే అదే మోగుద్ది. పోయిన వేసవి నుంచి నేను ఒక్క పెళ్లిలోనూ వాయించలేదు.” ఆయన గోడకు తగిలించిన సన్నాయి వైపు చూసి, కళ్లు దించుకున్నాడు. “ఇంత చేసీ, వెలుగుబొమ్మ పెడితే వత్తారంటావా?”

“మీరు బాగా వాయిస్తారని మీకు తెలుసు, ఈ వీధికి తెలుసు. పెళ్లి పెట్టుకున్నవాళ్లకి తెలియాలి కదా బాబాయ్ గారూ! ఉప్పాడ వలలు బాగుంటాయని ఉప్పాడకి ఎప్పుడూ తెలుసు. ముంగిలి కట్టాక కదా ఒడిశా వాళ్లకి తెలిసింది? ఆ ‘ఇచ్చట వాయించబడును’లో మీరెక్కడున్నారు చెప్పండి! మీ ముంగిట్లోకి వచ్చిన మనిషికి మీరు వినపడాలి.”

ఆయన లేచి గోడ మీది సన్నాయి చేతిలోకి తీసుకున్నాడు.

మధ్యాహ్నమంతా వాయించాడు. నీలోత్పల ఆ పాటంతా నాదగ్రాహిణిలోకి ఎక్కించుకుంటూ కూర్చుంది. మొదట బిగుసుకుపోయి ఊదినా, రాగం సాగేకొద్దీ ఆయన భుజాలు సడలాయి. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. చివర్లో ఆమె అలవాటు ప్రకారం అడిగింది.

“వేరే ముంగిళ్లతో పొత్తులు మీ ముంగిలే కుదుర్చుకోవచ్చా, ప్రతిదానికీ మిమ్మల్ని అడగాలా?”

“ఆ తలనొప్పి నాకెందుకమ్మా? దాన్నే చూసుకోమను,” అన్నాడాయన.

కొత్త ముంగిలి తెరుచుకున్న వారంలోనే కాకినాడ నుంచి ఒక పెళ్లి కుదిరింది. అచ్చాయమ్మ సంబరంగా పట్టుపంచె ఇస్త్రీ చేసింది. తొలి ఒప్పందం కాబట్టి నీలోత్పల కూడా వాళ్లతో బయలుదేరింది.

పెళ్లిపందిట్లో వేదిక పక్కన మేళానికి చాప వేసి ఉంది. దాని మీద అప్పటికే ఒకాయన కూర్చుని డోలు బిగించుకుంటున్నాడు. తల ఎత్తి చూసి ఆగిపోయాడు. కోటిలింగం అడుగు కూడా ఆగిపోయింది.

“అయ్యో రామా, దుర్గయ్యన్నయ్య!” అన్నది అచ్చాయమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మండపేట డోలు దుర్గయ్య, కోటిలింగం పాతికేళ్లు జోడీగా వాయించారు. ఒకనాడు ఒక విందులో, డోలు లేకపోయినా పెళ్లవుతుంది గాని సన్నాయి లేకపోతే అవదని కోటిలింగం నలుగురిలో అనేశాడు. దుర్గయ్య విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాట లేదు.

“ఎవరు పిలిచారీయన్ని?” అన్నాడు కోటిలింగం, నీలోత్పలతో.

ఆమె కంగారుగా తన పలక తెరిచి పొత్తు వివరం చూసింది. చదివేకొద్దీ ఆశ్చర్యం కలిగింది.

“మీ ముంగిలే పిలిచింది బాబాయ్ గారూ. మీరు వాయించేటప్పుడు అక్కడక్కడ ఊపిరి బిగబట్టి ఆగుతున్నారట. ఆ ఆగినచోట్ల సన్నాయి ఉండదు, ఏమీ ఉండదు. ఇంకేదో వాద్యం రావాల్సిన చోటని అది అనుకుంది. జిల్లాలో డోలు వాయించే వాళ్ల ముంగిళ్లన్నీ విని చూసింది. సరిగ్గా మీరు ఆగేచోట అందుకుని, మీరు ఎత్తుకునేచోట వదిలే డోలు ఒక్కటే దొరికిందట.”

ముంగిలికి లయ తెలుసు. తగాదా సంగతి దానికెవరూ చెప్పలేదు.

“నేనెళ్లిపోతాను. మీరు వాయించుకోండి,” అంటూ దుర్గయ్య డోలు ఎత్తబోయాడు.

“అక్కర్లేదు, నేనే పోతాను,” అన్నాడు కోటిలింగం.

అంతలో వేదిక మీద నుంచి పురోహితుడు గట్టిగా కేకేశాడు. “మేళం ఏదండీ? ముహూర్తం అవుతోంది! గట్టిమేళం!”

వరుడు మంగళసూత్రం పట్టుకుని నిలబడ్డాడు. పందిరంతా ఇటే చూస్తోంది. ఇక మాటలకు సమయం లేదు. కోటిలింగం చాప మీద కూలబడి సన్నాయి పెదవులకు ఆనించాడు. దుర్గయ్య కర్ర పట్టాడు. రెండు వాద్యాలూ ఒక్కసారే ఎలుగెత్తాయి. అక్షింతలు వానలా కురిశాయి.

తాళి కట్టడం అయిపోయింది. ఆపవచ్చు. కోటిలింగం ఆపలేదు. రాగం అందుకుని పైకి తీసుకుపోయి, పైన ఒక్క స్వరం మీద నిలబెట్టి, చటుక్కున ఆగాడు. దుర్గయ్య ఆ ఖాళీలోకి దూకాడు. చేతులు కనిపించనంత వేగంగా వాయించి వదిలాడు. కోటిలింగం మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి ఇంకా ముందే ఆగి, కనుబొమలు ఎగరేసి చోటిచ్చాడు. దుర్గయ్య పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

“వాయించు బావా!” అన్నాడు గట్టిగా.

జనం భోజనాల బల్లల దగ్గర నుంచి లేచి వచ్చారు. పెళ్లికూతురి నాయనమ్మ చక్రాల కుర్చీలోంచి చేతులు తిప్పుతూ ఆడింది. కొత్త దంపతులు అరుంధతిని చూడటం మరిచిపోయి మేళం ముందు నిలబడిపోయారు. అచ్చాయమ్మ ఒకపక్క కళ్లు తుడుచుకుంటూ, మరోపక్క తాళం వేస్తూనే ఉంది.

ఆ వారాంతంలో నీలోత్పలకు పిఠాపురం నుంచి కబురు వచ్చింది. రెండు ముంగిళ్లూ కలిపి ఒక్కటి చెయ్యాలట. ఆమె వెళ్లేసరికి వసారాలో ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు. దుర్గయ్య మండపేట నుంచి తెల్లారేసరికే వచ్చేశాడట.

“ఇద్దరూ కలిసి రెండు మాటలు చెప్పండి, చాలు. వచ్చినవాళ్లకి ముంగిలి ముందుగా ఆ పలకరింపే వినిపిస్తుంది,” అంటూ ఆమె నాదగ్రాహిణిని మధ్యలో పెట్టింది.

“నమస్కారమండి, మేము...” అని మొదలుపెట్టాడు కోటిలింగం. “ఒరే దుర్గయ్యా, మీ చిన్నదాని పెళ్లి ఎక్కడ చేశావురా? నాకెవరూ చెప్పలేదు.”

“రామచంద్రపురం బావా. ఆ రోజు పందిట్లో సన్నాయికి పెట్టె పెట్టించాను. అది మోగుతుంటే నాకు అన్నం దిగలేదనుకో. నీ మోకాలు ఎలాగుంది? కుంటుతున్నావే?”

“అదో పెద్ద కథలే. విను...”

నీలోత్పల ఒకటి రెండుసార్లు గుర్తు చేసి చూసింది. ఇద్దరూ సరే సరేనని తలూపి, మళ్లీ ఒకరి మాట మీద ఒకరు పడిపోయారు. పోయినవాళ్ల కబుర్లు, పుట్టినవాళ్ల కబుర్లు, ఒకరు లేకుండా ఒకరు వాయించిన పెళ్లిళ్ల కబుర్లు. మధ్యాహ్నం దాటినా పలకరింపు ఒక్క వాక్యం కూడా పూర్తికాలేదు.

ఆమె మెల్లగా చెయ్యి చాపి నాదగ్రాహిణిని ఆపేసింది. గాలిబండికి ఈ రోజు రానని చెప్పి, వంటింట్లోకి వెళ్లి అచ్చాయమ్మ పక్కన పీట వేసుకుంది.

“పిన్నిగారూ, ఆ కూరగాయలు ఇటివ్వండి. నేను తరుగుతాను.”