నీలంగా మారిన రేజరు

ఆదివారం పొద్దున తెనాలిలో ఆ ఇంట్లో ఇడ్లీ పాత్ర పక్కనే ఇంకో గిన్నె ఉంటుంది. అందులో రేజర్లు నానుతుంటాయి. ఇదంతా ప్రత్యూష పిచ్చి. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే ఈ పిల్ల, సెలవు దొరికితే పాత సామాన్ల కొట్లు తిరిగి పూర్వకాలపు రేజర్లు ఏరుకొస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో సందుసందునా తోమి, మరలో చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు, తాతలనాటి రేజరు పెళ్ళికొడుకులా తయారవుతుంది. చింతపండు మాత్రం దరిదాపులకు రానివ్వదు. ఒకసారి తల్లి చౌడేశ్వరి సాయం చేద్దామని, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండూ ఇటుకపొడీ వేసి తోమింది. తళతళలాడే పూత కాస్తా ఊడొచ్చింది.

అన్నిట్లోకీ మంచి రేజరు తండ్రి మార్కండేయకిచ్చింది. పిడి కింద మర తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకునే రకం. నెలకోసారి దాన్ని తనే శుభ్రం చేస్తుంది. ఆ రోజు తలుపులు తెరిస్తే, సందుల్లో తెల్లగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది.

"అమ్మా, నాన్న సబ్బేమైనా మార్చారా?"

"ముందు ఆయన్ని గీసుకోమను! నాలుగు రోజుల గడ్డం. మధ్యాహ్నం బాపట్ల వాళ్ళొస్తున్నారు ముహూర్తం మాట్లాడటానికి. ఆ మొహం వేసుకుని కూర్చుంటారా వాళ్ళ ముందు?"

ప్రత్యూష చెయ్యి ఆగిపోయింది. గడ్డం పెరుగుతుంటే రేజరెలా మురికవుతుంది? బ్లేడు తీసి వెలుతురులో చూసింది. ఒక్క మూలే మొద్దుబారింది. పిడి గాట్లలో తెల్లటి నూలుపోగు చుట్టుకుని ఉంది. తెల్లటి పెచ్చు తీసి వేడినీళ్ళలో వేస్తే, సబ్బులా నురగ రాలేదు, బంకలా సాగింది. ఆమెకిక ఇడ్లీలు గుర్తులేవు. మందుల డబ్బాలోంచి టింక్చర్ అయోడిన్ తెచ్చి ఒక్క చుక్క వేసింది. చూస్తుండగానే సిరా నీలం!

ఆరో తరగతి పిల్లలకి ఏటా చేసి చూపించేదే. అది గంజి.

మగ్గం మీద పడుగు నూలుకు పెట్టే గంజి! కానీ ఆ ఇంట్లో మగ్గం లేచిపోయి ఆరు నెలలైంది. అది ఎందుకు లేచిందో ప్రత్యూషకి తెలుసు. ఇన్నాళ్ళూ తెలియనట్టు ఉంది, అంతే. బాపట్లలో బట్టల షాపున్న ఆ కుటుంబం మొదటిసారి వచ్చినరోజు, పెరట్లో మగ్గం పాక తలుపు ఆమే మూసింది. పెళ్ళికొడుకు తల్లి జ్యోతిర్మయి "నాన్నగారేం చేస్తారమ్మా?" అనడిగితే, "బట్టల వ్యాపారమండి" అనేసింది. సరిగ్గా అప్పుడే మార్కండేయ మంచినీళ్ళ గ్లాసులతో గదిలోకి వచ్చాడు. వారం తిరక్కుండా మగ్గం విప్పేశాడు. వయసైపోయిందన్నాడు. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు స్నేహితుడు ఆశీర్వాదం ఇంటికని రేపల్లె రైలెక్కుతున్నాడు. పేకాటకే పోతున్నాడని చౌడేశ్వరి గట్టి నమ్మకం.

"నా రేజరు అయిందామ్మా?" అంటూ తువ్వాలు భుజానేసుకుని వచ్చాడు మార్కండేయ.

"ఇది సబ్బు కాదు నాన్నా, గంజి."

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయనకి. చౌడేశ్వరి గరిటెతో సహా వచ్చేసింది.

"ఏంటీ, గంజా? రేపల్లెలో ఎవరింట్లో గంజి కాస్తున్నారండీ మీరు?"

"అరవకే. ఆశీర్వాదం వాళ్ళ సావిట్లో మగ్గం పెట్టుకున్నా. మధుపర్కాలు నేస్తున్నా. మనింట్లో ఆడపిల్ల పెళ్ళికి తండ్రి చేతి నేతేగా కట్టాలి." కూతురి వైపు తిరిగి ఇబ్బందిగా నవ్వాడు. "ఉత్త బ్లేడు పట్టుకుంటే వేళ్ళు తెగుతున్నాయమ్మా. నీ రేజరుకి పిడి ఉంది. బట్ట మీద లేచిన నూగు గీయడానికి బాగుంది. చీరకి గడ్డం గీస్తూ నాది మర్చిపోయా."

"ఇంట్లోనే నేయొచ్చుగా నాన్నా! దాచడం ఎందుకు?"

"వ్యాపారస్థుడింట్లో మగ్గం చప్పుడేంటమ్మా, బాగోదు."

ఆయన మాటలో ఎత్తిపొడుపు ఇసుమంత కూడా లేదు. ఉంటే ప్రత్యూష తట్టుకునేదేమో. రేజరు మీద పూత పోకూడదని ప్రాణం పెట్టే పిల్ల, కన్నతండ్రికి లేని పూత పూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఫోను తీసింది.

"ఇప్పుడెందుకే? సంబంధం..." అని తల్లి అడ్డొచ్చేలోపే అవతల ఎత్తారు.

"అత్తయ్యగారూ, ఆ రోజు మీతో అబద్ధం చెప్పానండి. మా నాన్నది వ్యాపారం కాదండి. ఆయన నేతగాడండి. మా మధుపర్కాలు కూడా ఆయనే నేస్తున్నారండి."

చౌడేశ్వరి గరిటె గుండెలకి హత్తుకుంది.

"మా వాడి పంచె కూడానా?" అంది జ్యోతిర్మయి.

"అవునండి."

"మరి కొలతలడగరేంటమ్మా? మా దుర్గాశ్రీనివాస్ ఆరడుగుల రెండంగుళాలు! షాపులో పంచె ఏది కట్టినా చీలమండలు బయటే. మీ నాన్నగారికి చెప్పు ముందు!"

ఫోను పెట్టేసి ప్రత్యూష ఏడుస్తూనే నవ్వింది. ఇంకో రేజరు తుడిచి తండ్రి చేతిలో పెట్టింది.

"ఇది గడ్డానికి నాన్నా. అది మగ్గానికే ఉంచుకోండి. పాక నేను ఊడ్చిపెడతాను, మగ్గం ఇంటికి తెచ్చేయండి. ఆయన ఆరడుగుల రెండంగుళాలంట, పంచె పన్నా సరిపోదేమో!"

"రెండంగుళాలు ఎక్కువే పెట్టానమ్మా," అన్నాడు మార్కండేయ, గడ్డానికి సబ్బు రాసుకుంటూ. "ఆ రోజు మంచినీళ్ళిచ్చేటప్పుడే అబ్బాయిని కొలుచుకున్నాగా."