అంచు వెంట ఎదురు కరెంటు

"మన ఏజెంట్ రూలోఫ్ శవం డెల్ఫ్ట్ కాలువలో తేలింది వీట్సె," అన్నాడు చీఫ్. "మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆ గ్రాఫీన్ చిప్ చేతులు మారుతోంది."

"అమ్మేదెవరు?"

"డాక్టర్ యోలైన్. మన ఏజెంటే. అతన్ని చంపిన ముఠాకూ ఏజెంటే. కొనేవాడు ఓర్దెల్. ప్రొఫెసర్ వేషం, జేబులో దౌత్య పాస్‌పోర్ట్. ముట్టుకోలేం. వాడంతట వాడే ఖాళీ చేతులతో పోవాలి."

హీలియం టెక్నీషియన్ నీలి దుస్తుల్లో వీట్సె ల్యాబ్‌లోకి వెళ్లాడు. హీలియంతో చల్లబరిచే ఫ్రిజ్ అడుగున గడ్డకట్టే చలిలో ఉంది ఆ చిప్, ఒక గ్రాఫీన్ పలక. దానిపై రెండు సూపర్ కండక్టర్ జంక్షన్లు. వాటిని కలిపే కరెంటు పలక అంచు వెంబడే, ఒకే దిక్కున పరిగెడుతుంది. ఏ దిక్కున అన్నది అయస్కాంతం ఇష్టం. వీట్సె ఆ అయస్కాంతాన్ని మెల్లగా తిరగేశాడు. ఇక మొదటి జంక్షన్ కదలిక రెండోదానికి చేరదు. తెర మీద అయస్కాంత బలం చూపే అంకె ముందు చిన్న మైనస్ గుర్తు పడింది. దాన్ని దాచే దారి లేదు.

తలుపు తెరుచుకుంది. ఎర్ర కోటులో యోలైన్, వెనక ఓర్దెల్.

"ఏయ్, హీలియం మనిషీ! బయటికి నడు," అన్నాడు ఓర్దెల్.

"వాల్వ్ తెరిచుంది సార్. వదిలేస్తే అందరికీ ఊపిరాడదు."

ఓర్దెల్ విసుక్కుని యోలైన్ వైపు తిరిగాడు. "కానివ్వు. మొదటి జంక్షన్‌ని కదిపితే రెండోది పలకాలి. అప్పుడే బేరం."

ఆమె మీట నొక్కింది. తెర మీద రెండో జంక్షన్ గీత కదల్లేదు.

"మళ్లీ!"

మళ్లీ అదే సున్నా. ఓర్దెల్ పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనింది. "నాకే నకిలీ అంటగడతావా?"

వీట్సె చేయి స్పానర్ మీదికి జారింది. అప్పుడే యోలైన్ చూపు తెర మీది మైనస్ దగ్గర ఆగింది. అక్కణ్నుంచి వీట్సె ముఖం మీదికి వచ్చింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, వీట్సె పని అయిపోతుంది.

"నకిలీ కాదు ప్రొఫెసర్," అందామె తాపీగా. "చచ్చిపోయింది. వేడెక్కించి చల్లార్చినప్పుడు ఇవి ఇలాగే పోతుంటాయి. కావాలంటే పట్టుకెళ్లి పూడ్చిపెట్టుకోండి."

ఓర్దెల్ ఆమెను కొరకొరా చూశాడు. పిస్టల్ లోపల పెట్టుకుని, తలుపు దభాలున మూసి వెళ్లిపోయాడు.

వీట్సె స్పానర్ కింద పెట్టాడు. "ఎందుకు కాపాడారు?"

"రూలోఫ్‌ని చంపుతారని వాళ్లు నాకు చెప్పలేదు." ఆమె ఎర్ర కోటు గుండీలు పెట్టుకుంది. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. పదండి."

సంతలో బండి దగ్గర యోలైన్ ఉల్లిముక్కలు అద్దిన హెర్రింగ్ చేపను తోక పట్టుకుని నోట్లోకి దించుతుండగా, వీట్సె చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

"ఇంతకీ ఆమె ఎవరి వైపు?"

వీట్సె ఆమెకేసి చూశాడు. ఆమె అప్పటికే రెండో చేపకు చేయి చాపింది.

"ప్రస్తుతానికి చేపల వైపు, బాస్."