మూడో మేకు

మల్లెట్ వీధి చివరి ఇంటి అటక మంచిది కాదని పోర్ట్ ఆడ్లీలో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఇన్సూరెన్స్ తనిఖీకని ఆ అటక ఎక్కిన మొదటివాడు నిచ్చెన అక్కడే వదిలేసి పోయాడు, ఇప్పటిదాకా తిరిగి అడగలేదు. రెండోవాడికి నిచ్చెన దాకా వచ్చే ఓపిక కూడా లేకపోయింది. వంటింటి కప్పు చీల్చుకుని సూటిగా ఇంటావిడ ఓపల్ స్ట్రిక్లాండ్ చేపలు వేయించుకుంటున్న పొయ్యి పక్కన పడ్డాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే. పైన ఎవరో ఉన్నారు... కాగితం మీద రాస్తుంటే చెవిలో ఊపిరి వదులుతున్నారు...

"ఎవరో ఏంటి, వెర్లనే!" అనేవాళ్లు ఊళ్లో. వెర్లన్ అంటే ఓపల్ మొగుడు. పదకొండేళ్లుగా ఎవరి కంటా పడలేదు, పోయాడనే అందరి లెక్క. ఆ కప్పు తన చేతుల్తోనే వేసుకున్నాడట. తన పనికి పరాయివాడొచ్చి వంకలు పెడితే ఊరుకుంటాడా మరి?

బర్టన్ పూల్ ఇదంతా విన్నవాడే. ముప్పై ఏళ్లు ఇళ్ల కప్పులు వేసి, మోకాళ్లు అరిగాక తనిఖీ లైసెన్సు తీసుకున్నాడు. దెయ్యాలంటే భయం లేదని చెప్పుకునేవాడు. పగటిపూట.

కానీ ఆ రోజు పగటిదాకా ఆగే వీలు లేకపోయింది. సముద్రంలో తుఫాను ముదురుతోంది. దానికి పేరు పెట్టారంటే చాలు, ఆ తీరంలో ఏ కంపెనీ కొత్త పాలసీ రాయదు. పాత కంపెనీ ఓపల్‌ని అప్పటికే వదిలేసింది. కొత్త కంపెనీవాళ్లు సరేనన్నారు గానీ, తనిఖీ కాగితం అర్ధరాత్రిలోగా అందాలన్నారు. పూల్ ఆ ఇంటి ముందు వ్యాను ఆపేసరికి చీకటి పడిపోయింది... గాలి లేదు... ఆకు కదలడం లేదు.

"వచ్చావా నాయనా," అంది ఓపల్ తలుపు తీసి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో ఐస్ టీ గ్లాసు. "నీకంటే ముందొచ్చినవాళ్లు ఉత్త పిరికి సన్నాసులు. ఈ ఇల్లొక్కటే నాకు మిగిలింది. మూడని రాసిపారెయ్, పీడా వదుల్తుంది."

మూడంటే మేకులు. పైకప్పు వాసాల్ని గోడకి కట్టి ఉంచే ఇనుప పట్టీలుంటాయి. పట్టీకి మూడు మేకులుంటే ఇల్లు పాసు. రెండే ఉంటే గాలికి కప్పు లేచిపోతుందని లెక్క. పాలసీ లేదు.

"కనపడితే రాస్తా మిస్ ఓపల్. కనపడంది రాస్తే నా లైసెన్సు ఊడుతుంది."

"నువ్వూ ఆ బాపతే అన్నమాట," అంది ఆవిడ మూతి తిప్పి.

అటక లోపల పొయ్యిలో దూరినట్టుంది. చూరు కింద నిలబడే ఎత్తు లేదు. వేడి ఆపడానికి పరిచిన గులాబీ రంగు దూది మోకాళ్ల దాకా ఉంది. పూల్ బోర్లా పడుకుని, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని పాక్కుంటూ మొదటి వాసం దగ్గరికి చేరాడు.

పట్టీ ఉంది. మేకులు... ఒకటి. రెండు. అంతే.

పాపం ముసలావిడ, అనుకున్నాడు. పెన్ను తీసి 'రెండు' అని రాయబోయాడు.

మెడ మీద చల్లటి ఊపిరి.

"...మూడు."

పూల్ పెన్ను కదల్లేదు. మెల్లగా తల తిప్పాడు... దూది. దుమ్ము. చీకటి. ఎవ్వరూ లేరు.

"...దూది తియ్యి."

పారిపోదామంటే దిగే దారి వెనకుంది — గొంతు కూడా వెనకనుంచే వస్తోంది! పూల్ పట్టీ పక్కన కూరిన దూది లాగాడు. పట్టీ వాసం మీదుగా అవతలి వైపుకి వంగి ఉంది. అక్కడ, తలదాకా దిగ్గొట్టిన మూడో మేకు.

"ఆఁ..." అంది చీకటి, వేలెత్తి చూపినవాడిలా.

"వెర్లన్... సార్?" అన్నాడు పూల్. ఫొటో తీశాడు.

"...మసగ్గా వచ్చింది."

నిజంగానే మసగ్గా వచ్చింది. మళ్లీ తీశాడు.

అలా ఒక్కో వాసం దగ్గరా మూడో మేకు దొరుకుతూ పోయింది. కొలత టేపు లాగితే అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టు బిగిసింది. నాలుగో వాసం దగ్గరికి భయం సగం అయింది. ఏడో వాసం దగ్గర భయం పోయి చిరాకు వచ్చింది.

"...త్వరగా."

"తొందరపెట్టకయ్యా బాబూ! నీకు మోకాళ్లు లేవు, నాకున్నాయి!"

టేపు అవతలి కొస టప్పున వదిలేసింది చీకటి, నొచ్చుకున్నట్టు. పూల్‌కే మనసొప్పలేదు. "పని మాత్రం దివ్యంగా చేశావు," అన్నాడు. "ఇలాంటి కప్పు నా ముప్పై ఏళ్లలో నేనూ వెయ్యలేదు."

ఎవరో సిగ్గుపడి దగ్గినట్టు వినిపించింది.

పూల్ కిందికి దిగేసరికి పదకొండున్నర. ఒళ్లంతా చెమట, దూది, అయినా మొహం వెలిగిపోతోంది. "పాసు మిస్ ఓపల్! ప్రతి పట్టీకీ మూడు! అంతా మీ ఆయన చలవే. పక్కనే ఉండి ఒక్కో మేకూ చూపించాడు. ఆయన ఆత్మకి శాంతి కలగాలి."

ఓపల్ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఎవరి ఆత్మ?"

"వెర్లన్‌ది..."

"వెర్లన్‌కి చావేమొచ్చింది? టాంపాలో పళ్ల డాక్టరమ్మతో కులుకుతున్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు, తుఫానట జాగ్రత్త అని."

"మరి... పోయాడని ఊరంతా..."

"నన్నడిగినవాడెవడు? మొగుడు పారిపోయాడనడం కంటే అదే నయం కదా అని ఊరుకున్నా. అయినా వెర్లన్ కప్పు వెయ్యడమేంటి! సుత్తి ఎటు పట్టుకోవాలో తెలీదు వాడికి. మేము కొనేనాటికే ఈ ఇంటికి ఆ కప్పుంది."

పైన... వాసం నుంచి వాసానికి... మెల్లగా ఎవరో నడుస్తున్నారు. అడుగులు వాళ్ల తల మీదికి వచ్చి ఆగిపోయాయి.

ఓపల్ వచ్చి పూల్ చొక్కా చెయ్యి పట్టుకుంది. పూల్ కళ్లు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. పంపే ముందు నింపాల్సిన ఆఖరి గడి ఒక్కటే మిగిలింది. 'ఇంట్లో ఎందరు ఉంటున్నారు?'

పెన్ను ఆ గడి మీద ఆగింది... పైకి చూశాడు... ఓపల్ వైపు చూశాడు...

"ఒకటే రాయి నాయనా," అంది ఆవిడ గుసగుసగా. "రెండంటే రేటు పెంచుతారు."