కింది కాలువ గేటు

"రేపు పొద్దున పది గంటలకు మీ మేనమామను కాల్చేస్తారు," అన్నాడు చీఫ్, టీ చల్లారిందని చెప్పినంత మామూలుగా. "జలాశయం గట్టు మీద, నీళ్లు వదిలేటప్పుడు."

త్రాసు కుర్చీలో కదిలాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ అది. లాభనష్టాలు తూచిగాని అడుగు వేయడని ఆ పేరు పెట్టారు.

"ఎవరికి లాభం సార్?"

"విదేశీ సిండికేట్‌కి. కింది ఊళ్ల పొలాల అడుగున ఖనిజం ఉంది. కింది ఊరివాడు పై ఊరి పెద్దను చంపితే రెండు వైపులా అంటుకుంటుంది. జనం పారిపోతారు. భూమి కారుచవక."

"నీళ్లు వదలడం వాయిదా వేస్తే?"

"ఇంకోచోట కాలుస్తారు. కాల్చేవాణ్ణి తుపాకీతో సహా పట్టుకోవాలి."

నూటపాతికేళ్ల కిందట పరాయి కంపెనీ ఒకటి తన పత్తి తోటల కోసం ఆ జలాశయం కట్టింది. మట్టి మోసింది కింది ఊళ్లవాళ్లు. గేట్ల తాళంచెవి దక్కింది మాత్రం కంపెనీ గుమాస్తాకు. ముందు పై కాలువ, మిగిలితే కింది కాలువ. కంపెనీ పోయింది గానీ ఆ రూలూ, తాళంచెవీ గుమాస్తా ఇంట్లోనే ఉండిపోయాయి. అతని మునిమనవడే మామయ్య. తండ్రి లేని త్రాసును పై కాలువ పంటతో చదివించింది ఆయనే. తన నోటి ముద్ద ఎవరి చేను ఎండితే వచ్చిందో త్రాసుకు తెలుసు. ఆ ఒక్కటీ ఏనాడూ తూచలేదు.

మర్నాడు అతను మోటారు మెకానిక్ వేషంలో గట్టెక్కాడు. నల్ల కళ్లద్దాల సుందరి ఎదురొచ్చింది. కోడ్‌నేమ్ నెమలి. సిండికేట్‌కు నీటి సలహాదారు, డిపార్ట్‌మెంట్‌కు ఏజెంట్. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుని ఒకరికే పనిచేసే నిజాయితీపరురాలు.

"మోటారు వేడెక్కిందా?"

"బేరింగ్ పోయింది," అని కోడ్ అప్పజెప్పి, "షూటర్ ఎవరు?" అన్నాడు.

"పేరు తెలీదు. మూడేళ్లుగా చేను ఎండినవాడట."

"ఈ గట్టు మీద కింది ఊళ్లవాళ్లు వందమంది ఉన్నారు. అందరి చేలూ ఎండాయి."

"అందుకే మా సిండికేట్‌వాళ్లకు వెతుక్కునే శ్రమ తప్పింది. తుపాకీ ఒక్కటే తెచ్చుకున్నారు బాబూ. కోపం ఇక్కడే దొరికింది."

పదికి రెండు నిమిషాలు. మామయ్య తాళంచెవితో వచ్చాడు.

"ఈ వేషమేంట్రా అల్లుడూ? మీసం ఊడుతోంది, చూసుకో."

"మామయ్యా, ఈసారి ముందు కింది గేటు తీద్దాం."

"మతిపోయిందా? తాతలనాటి పద్ధతి."

"ఇవాళ మీ ప్రాణం తీయబోతోంది ఆ పద్ధతే."

"నీకు చదువు చెప్పించింది కూడా ఆ పద్ధతేరా. మరిచావా?"

"మరిస్తే బాగుండేది."

త్రాసు తాళంచెవి లాక్కున్నాడు. తుప్పు పట్టిన చక్రం కీచుమంటూ తిరిగింది. నీళ్లు కింది కాలువలోకి దూకాయి. వందమందీ కేకలు వేస్తూ నీటి వెంట పరుగెత్తారు.

ఒక్కడు కదల్లేదు. చూపు నీళ్ల మీద, చెయ్యి గుడ్డసంచిలో. నీళ్ల కోసం వచ్చినవాడైతే పరుగెత్తేవాడే. సంచిలోంచి చెయ్యి పైకి లేచింది, మామయ్య గుండె వైపు. త్రాసు ఎగిరి మణికట్టు పట్టుకున్నాడు. తూటా కాలువలో పడింది.

నెమలి లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోని ట్రాన్స్‌మిటర్ కూసింది. ఆ సంకేతం అందగానే గెస్ట్‌హౌస్‌లో దిగిన సిండికేట్ బాసుకు బేడీలు పడ్డాయి.

ఇక్కడ బేడీలు పడ్డవాడు మెల్లగా అడిగాడు. "ఇంత తేలిగ్గా తిరిగే చక్రమా సారూ? ఇన్నాళ్లూ తిప్పలేదేం?"

త్రాసు తాళంచెవి చక్రం మీద పెట్టాడు. మామయ్య తాళంచెవి తీసుకుని, అల్లుడి మొహం చూడకుండానే గట్టు దిగిపోయాడు.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "శభాష్! నీ పేరు పతకానికి రాస్తున్నా."

త్రాసు పెట్టుడు మీసం పీకేశాడు. ఆలస్యంగా వస్తే జీతం కోసే ఆఫీసులు ఎన్నో చూశాడు. నూటపాతికేళ్లు ఆలస్యంగా వచ్చినవాడికి పతకం ఇచ్చే ఆఫీసు మాత్రం తనదొక్కటే.