ఆ చక్రం మీద పదో చెయ్యి

నేను చెప్పబోయేదంతా అక్షరాలా నిజం నాయనా. ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళన్నీ ఈ క్షణమే రాలిపోవాలి. మిగిలినవి నాలుగే కదా అని నవ్వకు. ఆ నాలుగింటి మీదే ఒట్టు.

మా లవణపురంలో ఎవరూ ఎవర్నీ కొట్టలేని రోజులవి. అంతకుముందు ఏడాది రాళ్ళూ తుపాకులూ ఆడి ఊరు వల్లకాడైపోతే, డాక్టర్ పరంజ్యోతిగారు 'నొప్పి అద్దం' అనే యంత్రాన్ని కనిపెట్టారు. ప్రతి మనిషికీ చెవి వెనక కందిగింజంత చిప్ పెట్టారు. నిన్ను నేను కొట్టాననుకో, నీ చిప్ ఆ నొప్పిని కొలుస్తుంది. ఆయన లాబ్‌లో ఉన్న పెద్ద యంత్రం ఆ నొప్పికి ఎవరి కండ కదిలిందో వెతికి పట్టుకుని, అంతకంతా నా ఒంట్లోకి పంపిస్తుంది. అంతే! మొదటి వారంలోనే ఊళ్ళో పోలీసులందరూ లాఠీలు తాతలకి ఇచ్చేశారు, ఊతకర్రలకి పనికొస్తాయని. నేను క్యూలో దూరినవాడికి ఒక్కటిచ్చి, నా చెంప పట్టుకుని ఆర్నెల్లు ఏడ్చాను.

ఇంక గొడవలే ఉండవనుకున్నాం. కానీ ఆ అద్దం మెమరీ ఒక్క నిమిషమే. కదిలిన చెయ్యి వల్ల నిమిషం దాటాక ఎవరికి నొప్పి కలిగినా దానికి పట్టదు. ఈ సంగతి అందరికంటే ముందు మా మండలికి తెలిసింది.

మండలి అంటే ఊరిని ఏలే తొమ్మిది మంది. వాళ్ళ అధ్యక్షుడు కొండలరాయుడు. ఎన్నికలు పెట్టండయ్యా అని ఊరు ఊరంతా వీధిలోకొస్తే, ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. 'నీటి పొదుపు పథకం' అని పేరు పెట్టి, సముద్రపు నీళ్ళు మంచినీళ్ళు చేశాక ఊరికి పంపే పెద్ద వాల్వు మూయించాడు. అదీ ఎలా? ప్రారంభోత్సవం పెట్టి! షామియానా, సన్నాయి, కొబ్బరికాయ. వాల్వు చక్రానికి బంతిపూల దండ. తొమ్మిది మందీ నేనంటే నేనని ఎగబడి తలో చెయ్యీ వేసి తిప్పారు. రోజూ దాన్ని తిప్పే నూకయ్యని మాత్రం నెట్టి అవతల పారేశారు. అక్కడ ఉప్మా వడ్డించే కాంట్రాక్టు నాది. ఫోటోలో పడాలని సందులోంచి నేనూ ఒక చెయ్యి పెట్టాను. వారానికొక పూట నీళ్ళు ఆపుతారన్నారు, అంతే కదా అనుకున్నాను.

పదిహేను రోజులైనా తెరవలేదు. మనిషికి రోజుకొక గ్లాసు. నాలుకలు చెప్పుల తోలైపోయాయి. మా సందులో ముగ్గురు పోయారు. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

నా మేనకోడలు వకుళ ఆ ముగ్గురి పాడెలూ మోసింది. పదహారో రోజు మధ్యాహ్నం నా ఇంటికొచ్చి, ఒక టిఫిన్ క్యారియర్ బల్ల మీద పెట్టింది.

"ఏమిటే అది, పులిహోరా?"

"బాంబు అత్తా. వాల్వు గదిని పేల్చేస్తాను. టైమరు పది నిమిషాలు. అద్దం నా జోలికి రాదు."

"అందులో నూకయ్య ఉంటాడు కదే! వాడికి ఇల్లూ వాకిలీ అదే."

"బయటికి రమ్మని మూడుసార్లు కబురు పెట్టాను. రాడట, డ్యూటీ అట."

"మరి హత్య కాదూ?"

"మరి ఆ ముగ్గురివీ? వాళ్ళు చేసిందీ ఇదే కదా. రెండు వారాల టైమరు పెట్టిన బాంబు. నువ్వే చెప్పు అత్తా, వాళ్ళు చంపితే పొదుపు, నేను చంపితే హత్యా?"

"వాడు రోజూ నా చేతి ఉప్మా తింటాడే" అన్నాను. అంతకంటే పెద్ద వాదన నా దగ్గర లేదు. ఆ క్యారియర్ నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ పేలుతుందో అని పంచప్రాణాలూ బిగబట్టి. "ముందు డాక్టరుగారిని కలుద్దాం పద. ఆ తరవాత నీ ఇష్టం" అన్నాను.

పరంజ్యోతిగారి పెదాలు పగిలి ఉన్నాయి. ఆయనకీ ఒక్క గ్లాసే మరి. నేను నేరుగా అడిగాను.

"బాబూ, మీ అద్దానికి మెమరీ పెంచగలరా? చక్రం తిప్పిన చేతులకే ఊరి దాహం తగిలేలా?"

ఆయన ఒక డయల్ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నారు. "పెంచగలను తాయారమ్మగారూ. చివరికంటా తిప్పితే, ఆ వాల్వుని ఆఖరుసారి మూసిన చేతులు ఎవరివో వాళ్ళకి, దాని కింద ఎవరికి దాహమేసినా తెలుస్తుంది. మళ్ళీ ఇంకో చెయ్యి మూసేదాకా. కానీ అప్పుడది అద్దం కాదమ్మా, ఆయుధం. నలభై వేల గొంతుల దాహం తలో గొంతులోకి పోస్తే..."

"రక్తం కారుతుందా?" అంది వకుళ.

"కారదు."

"అయితే అది హింస కాదు."

నాకు నూకయ్య గుర్తొచ్చాడు. "వాడు తిప్పి ఉంటే?"

"వాణ్ణి దగ్గరికే రానివ్వలేదు కదా అత్తా. పేపర్లో ఫోటో చూళ్ళేదూ? వాడి మోచెయ్యి కూడా లేదు."

అమ్మయ్య అనుకున్నాను. నిజంగా, అమ్మయ్యే అనుకున్నాను. వకుళ డయల్ చివరికంటా తిప్పింది.

నాయనా, నిప్పులు మింగినా అలా ఉండదు. సముద్రం మొత్తం ఉప్పు చేసి నా నాలిక మీద ఆరబెట్టినట్టు! నేను నేలమీద పడ్డాను. అరవడానికి గొంతులో తడి లేదు. డాక్టరుగారు నా చెవి వెనక చూసి, "ఈమె కూడానా?" అన్నారు. అప్పుడు వకుళకి ఫోటో గుర్తొచ్చింది. సందులోంచి దూరిన గాజుల చెయ్యి.

డాక్టరుగారు డయల్ మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి మీద వకుళ చెయ్యి వేసింది.

"దించెయ్యమ్మా. మీ అత్త పోతుంది."

"వాళ్ళు వాల్వు తెరిచేదాకా ఆగండి."

"వకుళా..." అన్నాను. అన్నాననుకున్నాను.

అది నా తల ఒళ్ళో పెట్టుకుంది. దాని కన్నీళ్ళు నా మొహం మీద పడుతున్నాయి. వాటినే నాకాను. "ఇంకొంచెం ఓర్చుకో అత్తా. ఇంకొంచెం" అంటూనే ఉంది. రెండో చెయ్యి మాత్రం డయల్ మీంచి తియ్యలేదు.

ఇది వాల్వు దెబ్బేనని పోల్చుకుని కొండలరాయుడు చెప్పుల్లేకుండా వాల్వు గదికి పరిగెత్తాడట. నూకయ్యతో కలిసి తనే తిప్పి తెరిచాడట. ఇరవై నిమిషాలు పట్టింది. నాకు ఇరవై ఏళ్ళు. తొమ్మిది మందిలో ఒకాయన బిందెలో మూతి పెట్టినవాడు పెట్టినట్టే పోయాడు. నీళ్ళొచ్చాయి, మండలి రాజీనామా చేసింది, ఎన్నికలయ్యాయి. ఇప్పుడు అధ్యక్షురాలు మా వకుళే. ఊరి ముఖద్వారం మీద రాయించింది చూశావా, 'నెత్తుటి చుక్క రాలని విప్లవం' అని? అదీ నిజమే. నేనేం కాదనను.

తరవాత అడిగాను దాన్ని, డయల్ దించెయ్యవే అని. "దించితే రేపు మళ్ళీ మూస్తారు అత్తా" అంది. బానే ఉంది అనుకున్నాను. ఊళ్ళో నీళ్ళు నిండుగా ఉన్నంతకాలం నాకూ నొప్పి లేదు కదా.

కానీ ఈ నాలుగు రోజుల్నించీ నా నాలిక మళ్ళీ పిడచకట్టుకుపోతోంది. కడివెడు నీళ్ళు తాగినా తడి ఆగడం లేదు. నూకయ్యని పిలిపించి అడిగితే, వాడు అటూ ఇటూ చూసి చెప్పాడు. కొండలరాయుడి వీధికి నీళ్ళు ఆపారట, విప్లవద్రోహులని. పెద్ద వాల్వుని ఎవరూ ముట్టుకోలేదు, అందుకే దాన్ని ఆఖరుసారి మూసిన చేతులు ఇంకా మావే. వీధి కుళాయికి టైమరు పెట్టారు. చెయ్యి పెడితే ఏమవుతుందో మా వకుళకి తెలీదూ?

అదిగో, మళ్ళీ మొదలైంది. ఇది ముసలి గొంతు కాదు, చిన్నది. ఆ వీధిలో ఎవరో పసిబిడ్డ.

ఇదిగో నాయనా, ఈ బిందె ఎత్తుకో. కుడివైపు మూడో వీధి, నీలం గేటు. గేటు దగ్గర మనుషులు ఆపితే తాయారమ్మ పంపిందని చెప్పు, అధ్యక్షురాలి మేనత్తనని చెప్పు. ముందు పిల్లలకి పొయ్యి. తొణక్కుండా నడు. వాళ్ళు తాగారో లేదో నువ్వు తిరిగొచ్చి చెప్పక్కర్లేదులే, నాకు తెలుస్తుంది.