కిటికీ మీది నల్లమచ్చ

మా వీధి ఎంత ఇరుకంటే, మా వసారాలో తుమ్మితే ఎదురింటి టైలర్ పిన్ని తన కిటికీలోంచే "చిరంజీవ!" అనేది. పగలంతా ఆవిడ మిషను గడగడమంటూనే ఉండేది. ఆ చప్పుడుకి అలవాటుపడి అమ్మ వసారాలో కుర్చీ వేసుకుని కునికేది.

అమ్మకి మతిమరుపు ముదిరాక వసారాలో కెమెరా పెట్టించాను. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను, పగలు అమ్మ ఒక్కతే ఉండాలి. వసారా గ్రిల్‌కి తాళం వేసి వెళ్తాను. గొప్పపనేం కాదు, నాకూ తెలుసు. కానీ ఓసారి తాళం మరిచిపోతే బస్టాండు దాకా వెళ్లి పుట్టింటికి టిక్కెట్టు ఇమ్మని పేచీ పెట్టింది. ఆ ఇల్లు కూల్చేసి ఏళ్లు గడిచాయి. నాకు మిగిలిందల్లా అమ్మే. తను ఎటైనా పోతే నేనేమైపోను?

కెమెరా బిగించడానికి వచ్చినవాణ్ని అందరూ నిచ్చెన అంటారు, అంత పొడుగు. వాడింకా స్క్రూలు తిప్పుతుండగానే పిన్ని మెడలో టేపుతో సహా ఊడిపడింది.

"ఏమ్మా, నీ కెమెరా సరిగ్గా నా కిటికీలోకే చూస్తోంది. ఆడవాళ్లు కొలతలకి వస్తారు, బట్టలు వేసి చూసుకుంటారు. వాళ్లందర్నీ నీ ఫోన్లో పెట్టుకుంటావా?"

నాకు చురుక్కుమంది. "నీ కిటికీలోకి చూడను పిన్నీ, మాటిస్తున్నాను," అన్నాను. అలాగని పక్కకి తిప్పితే మా గేటు కనపడదు. నిచ్చెనే ఉపాయం చెప్పాడు. "అక్కా, బొమ్మలో కిటికీ ఉన్నచోట నల్లమచ్చ పెట్టేస్తా. ఆ భాగం కెమెరా చూడదు, దాచుకోదు."

ఫోన్ మీద వేలితో నలుచదరంగా గీశాడు. పిన్ని వెళ్లి తన కిటికీలో నిలబడి చెయ్యి ఊపింది. వీధి కనపడుతోంది, గోడ కనపడుతోంది. కిటికీ ఉండాల్సిన చోట మాత్రం నలుపు.

"ఇరుగుపొరుగంటే ఇలా ఉండాలి," అంది తిరిగొచ్చి. "నీకూ మీ అమ్మకీ చెరో గౌను నా చేత్తో కుట్టి ఇస్తా. మాటంటే మాటే."

"ముందు పోయినేడు నేనిచ్చిన నీలం గుడ్డ సంగతి చూడు పిన్నీ!" అన్నాను. అందరం నవ్వుకున్నాం. టైలర్ల మాట ఎవరికి తెలియదు కనక!

ఆ చలికాలమే పిన్ని పోయింది. కిటికీ పక్కన, మిషను మీదికి ఒరిగి, టేపు చేతిలో పట్టుకునే పోయింది. మిషను చప్పుడు ఆగిపోయిందని నాకు తట్టనేలేదు. వాసన వచ్చాక తలుపు విరగ్గొట్టారు. అన్ని రోజులూ నేను ల్యాబ్‌లో కూర్చుని ఫోన్లో అటే చూశాను. నల్లమచ్చని చూశాను. ఏడుపు రాలేదు. కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా తిమ్మిరెక్కింది, అంతే.

నిచ్చెనకి ఫోన్ చేసి, "ఆ మచ్చ తీసేయ్‌రా, చూడలేకపోతున్నాను," అన్నాను. సరేనన్నాడు. మర్నాడూ అది అక్కడే ఉంది. వాడి "సరే" సంగతి నాకు తెలిసిందేగా అని ఊరుకున్నాను.

ఓ మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ తీశాను. మచ్చ కిటికీ మీద లేదు. వీధి మధ్యలో ఉంది.

కెమెరా జరిగిందేమో అనుకున్నాను. గేటు, గోడ, అమ్మ కుర్చీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పిన్ని కిటికీ మొదటిసారి స్పష్టంగా కనపడుతోంది. లోపల మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఇంకెవరూ లేరు.

నిచ్చెనకి చేశాను. "ఏం పనిరా ఇది? మచ్చ రోడ్డు మీదికొచ్చింది."

వాడు తన ఫోన్లో వెతికి చెప్పాడు. "అక్కా... నువ్వు చెప్పిన రోజే తీసేశాను. ఇప్పుడే మళ్లీ చూశా. అందులో ఏ మచ్చా పెట్టి లేదు."

అన్నం వదిలేసి బస్సెక్కాను. దారంతా ఫోనే చూస్తున్నాను. మచ్చ గేటు దగ్గరికొచ్చింది. ఇప్పుడది నలుచదరంగా లేదు. నిలువుగా, మనిషంత ఉంది. తర్వాత గ్రిల్ దగ్గర... తర్వాత గ్రిల్ లోపల. అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. మచ్చ అమ్మ మీదికి జరిగింది. ఇక అమ్మ కనపడలేదు.

నేను చేరేసరికి వీధంతా నిశ్శబ్దం. గ్రిల్ తాళం వేసినట్టే ఉంది. మిషను నూనె వాసన... వేడి ఇస్త్రీపెట్టె వాసన. అమ్మ వసారా మధ్యలో గడ్డం పైకెత్తి, రెండు చేతులూ పక్కలకి చాపి నిలబడి ఉంది. చుట్టూ ఎవరూ లేరు.

"అమ్మా..."

"ష్... కదిలితే కొలత తప్పుతుంది," అంది గుసగుసగా.

"ఎవరమ్మా? ఎవరున్నారు?"

"చూడకు చిట్టీ. చూడనని నువ్వేగా మాటిచ్చావు?"

అమ్మని లోపలికి లాగి గడియ పెట్టాను. సాయంత్రానికల్లా నిచ్చెన వచ్చి కెమెరా ఊడదీసుకుపోయాడు. అమ్మని వదలకూడదని ల్యాబ్‌కి సెలవు పెట్టి, తన పక్కనే పడుకున్నాను.

వారం తిరక్కుండానే, ఓ పొద్దున కాఫీ పట్టుకెళ్లి లేపితే అమ్మ లేవలేదు. ఒళ్లు చల్లగా ఉంది. నీలం గౌను వేసుకుని ఉంది. పోయినేడు నేనిచ్చిన గుడ్డే. మెడ, భుజాలు, మణికట్టు... వెంట్రుకవాసి తేడా లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎవరు కుట్టారని అడిగారు. ఎదురింటి పిన్ని అన్నాను. నాకు మతి పోయిందనుకున్నారు కాబోలు, ఇంకేం అడగలేదు.

ఇంట్లో ఉంటే అమ్మ కుర్చీ చూడాలి. అందుకే మళ్లీ ల్యాబ్‌కి వెళ్తున్నాను. నా తెల్లకోటు అక్కడే, తాళం వేసిన బీరువాలో ఉంటుంది. ఇవాళ అది తొడుక్కుని గుండీలు పెట్టుకుంటుంటే, నాతో పనిచేసే అమ్మాయి దగ్గరికొచ్చింది.

"అక్కా, భుజం మీద ఆ నీలం సుద్ద గీతలేంటి?"

దులిపేశాను. ఆ పిల్ల వెళ్లలేదు. నన్నే చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది.

"మరి... చేతులెందుకలా చాపి నిలబడ్డావ్?"

చూసుకున్నాను. నిజమే. దించుదామనుకున్నాను. కానీ కదిలితే కొలత తప్పుతుందని అలాగే ఉండిపోయాను.